తోక నా దిక్కే

మహబూబాబాద్,
ఫిబ్రవరి 20

చెల్లె స్వరూపకు,

నీ క్షేమం అడగను. మన పుట్టింటి గొడుగుపులి ఎవరి ఇంటి మీద రెక్కలు విప్పుకొని కాపలా కూర్చుంటుందో వాళ్లను క్షేమం ఎవరైనా అడుగుతారా? అగ్గి అంటుకోదు, పిడుగు పడదు, పాము గడప తొక్కదు, పిల్లలకు జ్వరం వచ్చినా తెల్లారేసరికి దిగిపోతుంది. ఇంక నిన్ను అడగడానికి ఏం మిగిలింది?

ఫోన్ చేద్దామంటే నీకు కలవదు. దాని రెక్కల కింద సిగ్నల్ నిలవదు కదా. జనగామలో అమ్మతో మాట్లాడాలంటే అమ్మ ఫోన్ పట్టుకొని వీధి చివరిదాకా నడిచేది. ఇప్పుడు నా ఫోన్‌లో నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. ఆ గీతలు చూస్తేనే నాకు ఏడుపు వస్తుంది. అందుకే ఉత్తరం.

అన్న పాత పెంకుటిల్లు కూలగొట్టి స్లాబు పోస్తాడని విన్నప్పుడే అనుకున్నాను, మూడు తరాలుగా ఆ కప్పు మీద ఉన్నది ఇక అక్కడ ఉండదని. కప్పు పోతే అది ఆడబిడ్డల ఒడిబియ్యం వెంట పోతుంది. ఎవరి పొయ్యి మీద ఆ బియ్యం ముందు ఉడికితే వాళ్లింటి మీద వాలుతుంది. అందుకే అన్న, వదిన మన ఇద్దరి ఒళ్లోనూ బియ్యం పోసిన రోజే నువ్వూ నేనూ మాట అనుకున్నాం. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఇద్దరం ఒక్కసారే పొయ్యి వెలిగిద్దాం, ఆపైన దాని ఇష్టం అని.

నేనేం చేశానో తెలుసా? మేడ మీద బెంగుళూరు పెంకులతో దాని కోసం చిన్న కప్పు వేయించాను. నూట ఇరవై మందిని భోజనానికి పిలిచాను. మీ బావ ఆ రోజు దుకాణం తెరవలేదు. అందరూ విస్తళ్ల ముందు కూర్చొని తల పైకెత్తి ఆకాశం చూశారు. పప్పు చల్లారింది, సాంబారు చల్లారింది. చివరికి మా పక్కింటి భద్రమ్మ, "గా మబ్బు సాటున ఆగిందేమో పుష్పక్కా" అన్నది. మబ్బెక్కడిది, ఎండ మాడ్చేస్తుంటే. ఆమె మంచికే అన్నది కానీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సరే, అది నిన్ను మెచ్చింది. చిన్నప్పుడూ అంతే కదా. నీకు ఐదేళ్లప్పుడు వరంగల్ దవాఖానలో పది రోజులున్నావు. ఆ పది రోజులూ నేను బెల్లం ముక్క పట్టుకొని కప్పెక్కి కూర్చున్నాను. అది నా చేతి వైపు కూడా చూడలేదు. నువ్వున్న దిక్కే చూస్తూ ఉండిపోయింది. అప్పటి నుంచి నాకు నీ మీద కుళ్లు. ఇన్నేళ్లూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

బెల్లం పాతదే పెట్టు, కొత్త బెల్లం దానికి పడదు. నువ్వులు వేయించి పెట్టు. రెక్కల కింద దువ్వేటప్పుడు కొబ్బరిపీచు వాడు, బ్రష్షు వాడకు.

అక్క పుష్పలత


భూపాలపల్లి,
మార్చి 2

అక్కకు,

నీ ఉత్తరం చదివి శ్రీజ, నేనూ ఒకటే నవ్వు. నూట ఇరవై మందీ తల పైకెత్తి కూర్చోవడం తలుచుకుంటే, ఏమనుకోకు, నవ్వు ఆగలేదు.

ఇక్కడ అది సంతోషంగా ఉంది. నేను చెయ్యి చాస్తే చాలు, వచ్చి తింటుంది. నువ్వు బెల్లం సంగతి రాయనక్కర లేదు, నా చేతిలో కొత్త బెల్లమైనా తింటుంది. మధ్యాహ్నం పూట నా ఒళ్లో తల పెట్టి నిద్రపోతుంది. ఆవుదూడంత జంతువు తల ఎంత బరువుంటుందో తెలుసా? తొడలు తిమ్మిరెక్కుతాయి, అయినా కదలబుద్ధి కాదు. శ్రీజ బడి నుంచి రాగానే రెక్క కింద దూరి హోమ్‌వర్క్ చేసుకుంటుంది. మా ఆయన చెల్పూర్ ప్లాంటులో డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే, మా వీధి కంటే ముందు దాని రెక్కలే కనిపిస్తాయట. కాలనీ ఆడవాళ్లు రోజూ కొబ్బరికాయలు పట్టుకొని వస్తున్నారు. నాకు కుర్చీలు చాలడం లేదు.

నువ్వు వేయించిన పెంకుల కప్పు గురించి చదివితే పాపం అనిపించింది. మాది ఉత్త రేకుల షెడ్డు. మనసుకు నచ్చినచోట రేకులైతేనేం అక్కా.

చెల్లె స్వరూప


మహబూబాబాద్,
మార్చి 21

స్వరూపకు,

భద్రమ్మ చెల్లెలు మీ కాలనీలోనే ఉంటుందని నీకు తెలియదు కదూ? నాకూ నిన్నటిదాకా తెలియదు.

నిన్న పొద్దున భద్రమ్మ చాటలో బియ్యం చెరుగుతూ నా గుమ్మంలోనే కూర్చొని అన్నది. "పుష్పక్కా, మీ చెల్లె చెయ్యి మంచిదట. మా చెల్లె గా ఒడిబియ్యం తిన్నదట. బెల్లం అన్నం మస్తుగ చేసిందట."

"ఎప్పుడు తిన్నది?" అన్నాను.

"గురువారం పొద్దుగాల. మా చెల్లె శనివారమైతే ఉపాసముంటది, శుక్రవారం సంతకు పోతది. గురువారమే ఇంట్ల ఉన్నది."

గురువారం! మనం మాట అనుకున్నది శుక్రవారం. నేను నూట ఇరవై మందికి కూరగాయలు తరిగిస్తున్న రోజున, నువ్వు ఐదుగురు ఆడవాళ్లను పిలిచి, చప్పుడు చేయకుండా పొయ్యి ముట్టించావు. నేను శుక్రవారం తొమ్మిదింటికి అగ్గిపుల్ల గీసేసరికే అది నీ రేకుల మీద కూర్చొని ఉంది. అది నిన్ను మెచ్చలేదు స్వరూపా. నీ పొగ ముందు లేచింది, అంతే. పైగా ఒళ్లో తల పెట్టి పడుకుంటుందని నాకు రాస్తావా?

మొన్నటిదాకా నాకున్నది కుళ్లు మాత్రమే. దాన్ని ఎట్లాగో మింగుతున్నాను. ఇప్పుడు కోపం కూడా తోడైంది, రెండూ కలిపి మింగడం నా వల్ల కాదు. అది నాది. దాన్ని నా దగ్గరికి పంపించు.

పుష్పలత


భూపాలపల్లి,
ఏప్రిల్ 3

అక్కకు,

అవును, గురువారమే వండాను. దొంగతనంగా కాదు, పట్టపగలు, తలుపులు తీసిపెట్టే వండాను. అయినా తప్పే. తప్పని తెలిసే చేశాను.

నీకు దవాఖాన పది రోజులు గుర్తున్నాయి. నాకు నువ్వు హనుమకొండ కాలేజీలో చదివిన మూడేళ్లు గుర్తున్నాయి. ఆ మూడేళ్లూ దానికి బెల్లం పెట్టింది నేను, రెక్కలు దువ్వింది నేను, వానకు తడిస్తే పాతచీరతో తుడిచింది నేను. అది మాత్రం హనుమకొండ దిక్కు తిరిగి కూర్చునేది. నాకు వీపు కనిపించేది. నువ్వు సెలవులకు వస్తే అందరూ, "పుష్పను జూసి ఎంత కుదురుగ కూసున్నది" అనేవాళ్లు. నేను పక్కనే ఉన్నానని ఎవరికీ గుర్తుండేది కాదు. ఒక్క అమ్మే నా బాధ పంచుకునేది. "నా కథ గింతే బిడ్డా. పెండ్లయి వచ్చిన సంది బెల్లం పెడుతున్న, ఒక్కనాడన్న నా మొఖం జూసిందా గిది? ఎప్పుడు జూసినా తోక నా దిక్కే" అనేది.

పండగ చీరల్లో ముందు నువ్వు ఏరుకునేదానివి, మిగిలింది నాకు. దసరాకు జమ్మి ఆకు నాయిన ముందు నీ చేతిలో పెట్టేవాడు. ఈ వయసులో ఇవన్నీ రాయడం సిగ్గుగానే ఉంది. కానీ ఒక్కసారి, ఒక్క రోజు నీకంటే ముందుండాలి అనిపించింది. ఆ రోజు గురువారం అయింది.

పంపించను. అది ఇప్పుడు నా ఇంటి మీద ఉంది.

స్వరూప


మహబూబాబాద్,
ఏప్రిల్ 15

స్వరూపకు,

చీరల సంగతి రాశావు. ఆకుపచ్చ పోచంపల్లి చీర నీకిచ్చి నేను నీలం తీసుకున్నది మరిచిపోయావు. అలాంటివి నీకెందుకు గుర్తుంటాయి!

రోజూ మేడ ఎక్కుతున్నాను. నేను వేయించిన పెంకుల మీద పావురాలు గూడు పెట్టాయి. భద్రమ్మ ఆదివారం వచ్చి, "పావురాలైనా రెక్కలున్నయే గద" అన్నది. ఆమెకు టీ కూడా ఇవ్వకుండా పంపాను. మీ బావ అన్నం ముందు కూర్చొని, "ఇంట్ల ఉన్నోళ్ల మొఖం గూడ జర జూడు" అన్నాడు. నాకు ఎవరి ముఖమూ చూడాలని లేదు. కళ్లు మూస్తే నీ రేకుల షెడ్డు, నీ ఒడి, నీ ఒళ్లో దాని తల. ఇంత కడుపుమంట నాలో ఉందని నాకే తెలియదు.

అన్నను నీ దగ్గరికి పంపుతున్నాను. పెద్దవాడు, ఏది న్యాయమో చెబుతాడు. ఆయన దాన్ని నా వెంట పంపమంటే పంపించు. నీకే ఉంచమంటే ఇకమీదట నీకు అక్క లేదనుకో.

పుష్పలత


భూపాలపల్లి,
మే 12

అక్కకు,

అన్న వచ్చి వెళ్లాడు. ఆయన ముందు నా అబద్ధాలు నిలవలేదు, నీకూ నిజమే రాస్తున్నాను.

అది నా ఒళ్లో ఒక్కనాడూ తల పెట్టలేదు. వచ్చిన వారం రోజులకే తిండి తగ్గించింది. నువ్వు చెప్పిన పాత బెల్లం కూడా పెట్టాను, తీసుకోవడం లేదు. అన్నిటికన్నా భయం వేస్తున్నది ఏమిటంటే, అది నిద్రపోవడం లేదు. పొద్దున చూసినా మధ్యాహ్నం చూసినా కళ్లు తెరుచుకొనే ఉంటాయి. రోజూ షెడ్డు కింద ఈకలు ఊడ్చి ఎత్తుతున్నాను. శ్రీజ వాటిని లెక్కపెడుతుందని ముందే తీసి దాచేస్తున్నాను. కాలనీ వాళ్లు అడిగితే ఎండలకు ఈకలు రాలుస్తుందని చెబుతున్నాను.

అది దక్షిణం దిక్కు తిరిగి కూర్చుంటుంది. మా ఇంటికి దక్షిణంగా ఉన్నది మహబూబాబాద్. మూడు నెలలుగా అది నీ కోసమే చూస్తోంది. నాకు మళ్లీ వీపే దక్కింది. నీకు ఈ సంగతి రాయకపోవడానికి కారణం అంతకంటే ఏమీ లేదు. నువ్వు సంతోషపడతావని రాయలేదు.

అన్న దాన్ని చాలాసేపు చూశాడు. దగ్గరికి మాత్రం పోలేదు. "నేను కప్పు కూలగొట్టిన. నా మీద కోపంతోనే పోయిందది" అన్నాడు. అట్లా కాదన్నా అంటే, "నేను జనగామ ఇడిసి ఎటు పోలే. రోజు దాని కిందనే దుకాణం తెరిసిన. ఒక్కనాడు నా దిక్కు సూడలే. గందుకే పోతే పోనీ అనుకున్న. కని స్వరూపా, గిప్పుడు దుకాణంల కూసుంటే ఇల్లు బోడిగ కొడుతున్నది" అన్నాడు. అన్న కళ్లు తుడుచుకోవడం అమ్మ పోయిననాడు చూశాను, మళ్లీ ఇప్పుడు చూశాను.

న్యాయం ఆయన చెప్పలేదు, నేనే చెబుతున్నాను. ఇంకో రెండు నెలలు ఇట్లాగే ఉంటే అది బతకదు. నువ్వు వచ్చి తీసుకుపో. అమ్మ లేదు, పాత ఇల్లూ లేదు, అది ఉన్న ఇల్లే మనకు పుట్టిల్లు. నా ఇంట్లో నీకు ఒడిబియ్యం పోస్తాను. చిన్నదాని చేత పోయించుకోవడం నీకు నామోషీ అయితే మొదటి దోసిలి అన్న పోస్తాడు, చీర ఆయనే తెస్తానన్నాడు. వచ్చే బుధవారం రా. ఆ బియ్యం ఇంటికి వెళ్లి నువ్వు వండుకో. ఈసారి నా పొయ్యి వెలగదు.

స్వరూప


మహబూబాబాద్,
జూన్ 9

చెల్లె స్వరూపకు,

మీ ఇంటి నుంచి వచ్చి మూడు వారాలు కావస్తోంది. రాసింది రెండుసార్లు చింపేశాను, ఇది మూడోది.

ముందు నా కుళ్లుబుద్ధి చెబుతాను. ఆ బుధవారం అన్నా నేనూ మీ గేటు తీసుకొని లోపలికి వచ్చేసరికి అది మెడ వంచి, రెక్క కింద తల దూర్చి నిద్రపోయింది చూడు, నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. మూడు నెలలుగా నిద్రలేనిది నన్ను చూడగానే పడుకుందని అనుకున్నాను. నువ్వు బియ్యం పోస్తూ ఏడుస్తున్నావు. నేను నీ ముఖం చూడలేదు, అది ఎట్లా పడుకుందో చూస్తున్నాను. నీ చేతి వంట తింటూ కూడా, గెలిచాను అనే అనుకున్నాను. అన్న మధ్యాహ్నం బస్సుకు జనగామ వెళ్లిపోతే ఇంకాస్త ఉండమని కూడా అనలేదు.

ఇంటికి వచ్చి ఈసారి నూట ఇరవై మందిని పిలవలేదు. ఐదుగురిని పిలిచి వండాను. అన్నం ఉడుకుతుండగా నా ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటీ పోయాయి. భద్రమ్మ బయటి నుంచి కేక పెట్టింది. మేడ మీదికి పరుగెత్తితే అది నా పెంకుల మీద ఉంది. పావురాలు దాని రెక్క కిందే గూట్లో కూర్చున్నాయి, భయపడలేదు. ఆ రోజంతా నా అంతటిది లేదు అనుకున్నాను.

మరునాడు పొద్దున మేడ ఎక్కితే దాని తోక నా దిక్కు ఉంది.

ముఖం ఉత్తరానికి. నేను ఉత్తరం వైపు వెళ్లి నిలబడి బెల్లం చూపించాను. నా పక్క నుంచి మెడ చాచి అవతలికి చూసింది. పళ్లెం దక్షిణం వైపు జరిపాను, దాని దగ్గరికే పోలేదు. నాలుగు రోజులు దానికీ నాకూ ఇదే ఆట. ఉత్తరాన ఎవరున్నారు? నువ్వున్నావు. నా పెంకుల మీద కూర్చొని, నా బెల్లం ముందు పెట్టుకొని, నీ కోసం చూస్తోంది! స్వరూపా, ఆ నాలుగు రోజులూ నిన్ను తిట్టినన్ని తిట్లు నా జన్మలో ఎవరినీ తిట్టలేదు. నిద్ర కూడా పోవడం లేదు. మళ్లీ ఈకలు రాలుస్తోంది.

నీకు అబద్ధం రాద్దామనుకున్నాను. నా ఒళ్లో తల పెట్టిందని, నా చేతిలో తింటోందని. రాశాను కూడా. చదివి చూస్తే అది నీ మార్చి నెల ఉత్తరమే. చేతిరాత ఒక్కటే వేరు.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. నువ్వు దవాఖానలో ఉంటే అది దవాఖాన దిక్కు చూసింది. నేను హనుమకొండలో ఉంటే హనుమకొండ దిక్కు చూసింది. అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది, అందుకే అమ్మకు ఎప్పుడూ తోకే. రెక్కల కింద ఉన్నవాళ్లను అది రెక్కలతోనే చూసుకుంటుంది. కళ్లు మాత్రం ఇంట్లో లేనివాళ్ల మీద పెడుతుంది. నువ్వూ నేనూ దాని వీపు వెనక కూర్చొని ఇన్నేళ్లు ఒకరి మీద ఒకరం కుళ్లుకున్నాం.

ఇది నిజమో కాదో తెలియాలంటే దారి ఒక్కటే. శ్రీజను తీసుకొని రా. మనిద్దరం ఒక్క కప్పు కింద ఉంటే అది ఏం చేస్తుందో చూద్దాం. నిన్ను రమ్మనడానికి ఇది సాకు అనుకున్నా పరవాలేదు. ఆకుపచ్చ పోచంపల్లి చీర కట్టుకొని రా.

అక్క


మహబూబాబాద్,
జూన్ 22

జనగామలో ఉన్న నర్సింగన్నకు చెల్లెళ్లు పుష్ప, స్వరూప ఇద్దరూ కలిసి రాస్తున్నది,

అన్నా, నీ ఫోన్‌లో గీతలు ఉంటాయి, మా ఇద్దరి ఫోన్‌లలోనూ లేవు. వీధి చివరిదాకా పోయి ఫోన్ చేయవచ్చు కానీ ఈ మాట ఫోన్‌లో చెబితే నువ్వు సగం విని పెట్టేస్తావు. అందుకే అక్క చెబుతుంటే నేను, స్వరూపను, రాస్తున్నాను.

నేనూ శ్రీజా వచ్చి నాలుగు రోజులైంది. మేము రాగానే అది ఉత్తరం నుంచి ముఖం తిప్పేసింది. అక్క చప్పట్లు కొట్టి, ఇప్పుడు పడుకుంటుంది చూడు అన్నది. పడుకోలేదు. మెల్లగా తిరిగి పడమర దిక్కుకు కూర్చుంది. ఆ రోజంతా అట్లాగే ఉంది. మరునాడూ అంతే. మళ్లీ మా ఇద్దరికీ తోకే.

పడమర ఎవరున్నారని మేం కొట్లాడుకున్నాం. అక్క అమ్మ అన్నది, పాత ఇల్లు గుర్తొచ్చిందన్నది. నేను పెంకులు గుర్తొచ్చాయన్నాను. శ్రీజ పావురాలకు నూకలు వేస్తూ, "గటు మామ ఉన్నడు గద" అన్నది.

అన్నా, భూపాలపల్లిలో ఆ బుధవారం అది పడుకున్నది అక్క వచ్చినందుకు కాదు. ఆ రోజు నువ్వు కూడా ఉన్నావు. మనం ముగ్గురం ఒక్కచోట ఉన్నాం.

నువ్వు జనగామ విడిచి ఎటూ పోలేదు కాబట్టి అది నీ దిక్కు చూడాల్సిన పని రాలేదు. కోపం లేదు దానికి. కప్పు కూలగొట్టినవాడని కూడా లేదు. నాలుగు రోజులుగా రెప్ప వేయకుండా నీ దుకాణం ఉన్న దిక్కే చూస్తోంది. మేమిద్దరం పక్కన కూర్చొని, పాత బెల్లం, వేయించిన నువ్వులు ముందు పెట్టుకొని బతిమాలుతున్నా మా వైపు తిరగడం లేదు.

ఇప్పుడు మా ఇద్దరికీ నీ మీద కుళ్లుగా ఉంది. ఇది అక్క స్వయంగా రాయమన్న మాట.

వదినకు చెప్పి, దుకాణం మూసి, రేపు పొద్దున తొర్రూరు మీదుగా వచ్చే బస్సు ఎక్కు. నువ్వు వచ్చేదాకా అది పడుకోదు.

పుష్ప, స్వరూప